ఫార్వర్డ్ తేల్చడం నుంచి డేటా దరఖాస్తు దాకా: దుష్ప్రచారం మీద పద్ధతిగా పనిచేయడం ఎలా?

"అన్నా, ఇది నిజమేనా?" అంటూ వీడియో పంపేవాళ్లు కొందరు. "తెలుగులో తప్పుడు ప్రచారం మీద ప్రాజెక్టు చేస్తున్నాను సార్, డేటా ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగే పీజీ విద్యార్థులు కొందరు. ఈమధ్య మూడో రకం ప్రశ్న కూడా వస్తోంది: "మా కాలేజీలో పిల్లలకు దీని మీద క్లాసు చెప్పమన్నారు, ఏం చెప్పాలి?"

మూడింటికీ జవాబు ఇక్కడే రాస్తున్నాను. ముగ్గురూ చేసే తప్పు ఒకటే. తేల్చాల్సింది ఏమిటో రాసుకోకుండానే "ఏ యాప్ వాడాలి?" అని మొదలుపెడతారు. అందుకే దీంట్లో పరికరాల పేర్లు కాస్త ఆలస్యంగా వస్తాయి.

ఒక్క మెసేజ్ తేలితే చాలనుకునేవాళ్లు 1 నుంచి 6 వరకు చదవండి. ప్రాజెక్టు చేసేవాళ్లు 1, 2 చదివి 7కి వెళ్లండి. క్లాసు చెప్పేవాళ్లకు 11వ భాగం. కానీ వాళ్లు ముందు 3, 5 సొంతంగా చేసి చూడాలి. చేతికి రాని పనిని పిల్లలకు చెప్పలేం.

## 1. ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఒక్క మెసేజ్ తేల్చడానికి ఫోన్ చాలు. వారానికి రెండు మూడు చేసేవాళ్లకు కంప్యూటర్ కావాలి. ఫోన్‌లో ఒకేసారి నాలుగు కిటికీలు తెరిచి పోల్చడం నరకం.

- క్రోమ్ బ్రౌజర్, అందులో ఇన్‌విడ్-వీవెరిఫై అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ (వీడియోను ఫ్రేములుగా విడగొట్టేది)
- ఈ పనికే ఒక విడి జీమెయిల్ ఖాతా (సొంత ఖాతా వాడితే మీ పాత వెతుకులాటల రంగు ఫలితాలకు అంటుతుంది)
- ఒక గూగుల్ షీట్, లేదా మామూలు నోటు పుస్తకం
- తేదీ, చిన్న పేరు పెట్టిన ఫోల్డర్లు. ఉదాహరణకు "2025-08-14_వంతెన_01"

షీట్‌లో ఎనిమిది గళ్లు పెట్టుకోండి: తేదీ, ఎవరి దగ్గర్నుంచి లేదా ఏ గ్రూపు నుంచి వచ్చింది, వాదన (మెసేజ్ నిజమని చెబుతున్నది), అసలు లింక్, దాచిన కాపీ ఎక్కడుంది, ఏమేం వెతికాను, ఏం తేలింది, ఇంకా తేలనిది ఏమిటి. చివరి గడిని అందరూ వదిలేస్తారు. నెల తర్వాత పనికొచ్చేది అదే.

## 2. ముందు దాచుకోండి, తర్వాత వెతకండి

వాట్సాప్‌లో పంపినవాళ్లు సుమారు రెండున్నర రోజుల దాకా మెసేజ్‌ని అందరికీ కనపడకుండా తీసేయగలరు. గ్రూప్ అడ్మిన్ ఇతరుల మెసేజ్‌లు కూడా తీసేయగలడు. ఒకసారి రాత్రి వచ్చిన ఆడియోను "పొద్దున చూద్దాంలే" అని వదిలేశాను. పొద్దునకి మాయమైంది. ఆ మాట నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

చేయవలసిన క్రమం ఇది:

1. స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ, సమయం, మెసేజ్ మీదున్న బాణం గుర్తు కనపడాలి.
2. అసలు ఫైల్‌ని కూడా సేవ్ చేయండి. చాట్ స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే వీడియో వెతకడం కష్టం.
3. బయట అందరికీ కనపడే పోస్టు అయితే లింక్ కాపీ చేసి, వేబ్యాక్ మెషీన్ (వెబ్ పేజీల కాపీలు దాచే సైట్) తెరిచి, పేజీని భద్రపరిచే పెట్టెలో వేయండి.
4. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లింకులు అక్కడ చాలాసార్లు లాగిన్ పేజీగా మాత్రమే నమోదవుతాయి. వాటికి స్క్రీన్ రికార్డింగ్ కూడా తీసి పెట్టుకోండి.

బాణం గుర్తు గురించి ఒక మాట. జంట బాణాలతో "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అని ఉంటే, ఆ మెసేజ్ కనీసం ఐదు చేతులు మారి మీ దగ్గరికి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తారు. అయితే ఎవరైనా గ్యాలరీలో దాచి మళ్లీ ఎక్కిస్తే, లేదా టెక్స్ట్ కాపీ చేసి అతికిస్తే బాణాలు పోతాయి. బాణాలుంటే జాగ్రత్త పడాలి సరే, లేకపోతే మాత్రం దానికి ఏ అర్థమూ లేదు.

ఫోటో లోపల దాగుండే తేదీ, స్థలం వివరాల కోసం వాట్సాప్ ఫైల్‌ని తవ్వకండి. పంపేటప్పుడే అవి రాలిపోతాయి. తీసినవాళ్లే దొరికితే "డాక్యుమెంట్‌గా పంపండి" అని అడగండి, అప్పుడు మిగులుతాయి.

## 3. వాదనను ఒక్క వాక్యంలో రాయండి

ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు: నాలుగూ ఉండాలి. వర్షాకాలంలో వచ్చే రకమే తీసుకుందాం: "నిన్న రాత్రి వరదకు ఫలానా ఊరి వంతెన కొట్టుకుపోయింది." ఇందులో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. వీడియోలో వంతెన నిజంగా కూలిందా? అది ఆ ఊరిదేనా? నిన్నటిదేనా?

నాకు వచ్చేవాటిలో మొదటి ప్రశ్నకు జవాబు "అవును" అనే ఉంటుంది ఎక్కువగా. వీడియో అసలుదే, కింద రాసిన రెండు లైన్లే అబద్ధం. అందుకే "వీడియో ఫేకా?" అని అడిగితే తప్పుదారి పడతారు.

కొన్ని వాక్యాలు తేల్చేవి కావు. "ఈ ప్రభుత్వానికి చేతకాదు" అనేది అభిప్రాయం. "వచ్చే నెల ధరలు పెరుగుతాయి" అనేది జోస్యం. షీట్‌లో "తేల్చదగింది కాదు" అని రాసి వదిలేయండి.

## 4. ఎవరైనా ఇప్పటికే తేల్చారేమో చూడండి

ఐదు నిమిషాల పని. దీన్ని వదిలేసి గంటలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

గూగుల్‌లో ఫ్యాక్ట్ చెక్ ఎక్స్‌ప్లోరర్ అని వెతికి తెరవండి. ఫ్యాక్ట్‌చెక్ సంస్థలు రాసినవన్నీ ఒకేచోట వెతికే పెట్టె అది. బొమ్మ ఎక్కించి కూడా వెతకవచ్చు. మామూలు గూగుల్ ఫలితాల్లో ఇదివరకు కనిపించే ఫ్యాక్ట్‌చెక్ వివరాలను 2025లో ఎత్తేశారు కాబట్టి నేరుగా ఇక్కడికే రావాలి.

మొత్తం వాక్యం వేయకండి. ఊరిపేరు, వస్తువు పేరు, అంతే. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో, ఆ తర్వాత హిందీలో. మన దగ్గరికి వచ్చే వీడియోలు చాలావరకు వేరే భాషలో ఒక చుట్టు తిరిగి వచ్చినవే.

తెలుగులో రాసేవాళ్లలో హైదరాబాద్ నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ ముందు చూడండి. న్యూస్‌చెకర్‌కు కూడా తెలుగు విభాగం ఉంది. కేంద్ర ప్రభుత్వ పథకాల గురించి అయితే పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార విభాగం) ఫ్యాక్ట్ చెక్ ఉపయోగపడుతుంది. అయితే అది ప్రభుత్వ విభాగమే. దాని మాటను ప్రభుత్వం ఇచ్చిన జవాబుగా చదవండి, మూడో మనిషి తీర్పుగా కాదు.

ఏఐతో చేసిన ఆడియో, వీడియో అని అనుమానం ఉంటే 2024లో మొదలైన డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ వాట్సాప్ టిప్‌లైన్‌కు (అనుమానం ఉన్నవి పంపే నంబరుకు) పంపవచ్చు. ఇంగ్లిష్, హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ తీసుకుంటారు.

## 5. మీరే తేల్చాల్సి వస్తే

### 5.1 వీడియోని ముక్కలు చేయండి

ఇన్‌విడ్-వీవెరిఫైలో వీడియో ఎక్కిస్తే ముఖ్యమైన ఫ్రేములు విడగొట్టి ఇస్తుంది. వాటిలో మనుషుల ముఖాలున్నవి కాక కట్టడాలు, బోర్డులు, కొండల వరస ఉన్నవి ఎంచుకోండి. ఒక్కోదాన్ని బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్, యాండెక్స్, టిన్‌ఐలలో వేయండి. టిన్‌ఐలో "పాతవి ముందు" అనే వరస పెట్టుకోవచ్చు. మొదట ఎప్పుడు కనిపించిందో దాంతో తెలుస్తుంది.

ఏమీ దొరకలేదా? ఫ్రేమ్ చుట్టూ ఉన్న అక్షరాలు, లోగోలు కత్తిరించి మళ్లీ వేయండి. అప్పటికీ లేకపోతే అద్దంలోలా తిప్పి వేయండి. కొందరు పట్టుబడకుండా ఉండటానికే తిప్పి ఎక్కిస్తారు. బోర్డు మీది అక్షరాలు తిరగబడి ఉంటే చిక్కినట్టే.

### 5.2 మన నేల గుర్తులు

బయటివాళ్లు రాసిన మార్గదర్శకాల్లో ఇది దొరకదు. మన రెండు రాష్ట్రాల్లో బోర్డులు, నంబర్లు ఇన్నిసార్లు మారడం ప్రజలకు తలనొప్పే గానీ, తేల్చేవాళ్లకు మాత్రం వరం.

- టీజీ నంబరు ప్లేటు కనిపిస్తే: 2024 మార్చి కంటే ముందుది కాదు.
- టీఎస్ ప్లేటు కనిపిస్తే: 2014 జూన్ కంటే ముందుది కాదు.
- ఏపీ 39 కనిపిస్తే: 2019 కంటే ముందుది కాదు. రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ అప్పుడే వచ్చింది.
- బోర్డు మీద పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్, నంద్యాల వంటి జిల్లా పేర్లుంటే: 2022 ఏప్రిల్ తర్వాతిది.
- ములుగు, నారాయణపేట జిల్లా అని ఉంటే: 2019 ఫిబ్రవరి తర్వాతిది.
- ఆర్టీసీ బస్సు మీద టీజీఎస్‌ఆర్టీసీ అని ఉంటే: 2024 కంటే ముందుది కాదు.

ఇక్కడ జాగ్రత్త. ఈ గుర్తులు "ఇంతకు ముందుది కాదు" అని మాత్రమే చెబుతాయి. టీఎస్ ప్లేటు బండ్లు ఇవాళా రోడ్డు మీదున్నాయి. పాత ప్లేటు చూసి "పాత వీడియో" అని తేల్చేసినవాళ్లను చూశాను.

తర్వాత చెవులకు పని పెట్టండి. వెనక పాట ఉంటే చాలాసార్లు అసలు శబ్దాన్ని దాచడానికే పెడతారు. పాత కాపీ దొరికితే పాట లేని శబ్దం వినండి. అరుస్తున్నవాళ్లు మలయాళం మాట్లాడుతుంటే అది గోదావరి వంతెన కాదు. తెలుగే అయితే యాస వినండి. "ఏందిరా గిట్లైంది" అనే గొంతుతో ఉన్న వీడియోకి శ్రీకాకుళం పేరు పెడితే అడగాల్సిన ప్రశ్న ఒకటి దొరికినట్టే. రుజువు మాత్రం కాదు, మనుషులు ఊళ్లు మారుతుంటారు.

చివరగా మ్యాప్. గూగుల్ మ్యాప్స్‌లో ఆ వంతెన తెరిచి, స్తంభాల సంఖ్య, రెయిలింగ్ తీరు, పక్కనున్న గుడి లేదా సెల్ టవర్ పోల్చండి. మూడు గుర్తులు కలిస్తే స్థలం తేలిందని రాసుకోండి. ఒకటి కలిస్తే చాలదు.

### 5.3 పేపర్ కటింగ్, జీవో

పత్రిక కటింగ్ వస్తే ఆ తేదీ ఈ-పేపర్ తెరిచి, ఆ జిల్లా ఎడిషన్ చూడండి. ప్రధాన సంచికలో లేనంత మాత్రాన అబద్ధం అనకండి. నకిలీ కటింగ్‌లో ఎక్కువగా దొరికే లోపాలు: డేట్‌లైన్ (వార్త మొదట్లో ఉండే ఊరు, తేదీ) ఉండదు, అక్షరాల తీరు ఆ పత్రికది కాదు, వాక్యం మధ్యలో ఒత్తులు విరుగుతాయి.

జీవో అయితే నాలుగు చూడండి: శాఖ పేరు, నంబరు, తేదీ, ఎంఎస్ లేదా ఆర్‌టీ అనే రకం. ఆ నంబరు, తేదీలతో రాష్ట్ర జీవోల పోర్టల్‌లో వెతకండి. చాలా నకిలీల్లో నంబరు అసలుదే, విషయం వేరే. సంతకం చేసిన అధికారి ఆ తేదీన ఆ శాఖలోనే ఉన్నారా అనేది కూడా చూడదగ్గదే.

### 5.4 ఏఐతో చేసిందా?

గూగుల్ ఏఐ పరికరాలతో పుట్టిన బొమ్మల్లో సింథ్‌ఐడీ అనే కంటికి కనపడని గుర్తు ఉంటుంది. జెమినై యాప్‌లో బొమ్మ ఎక్కించి అడిగితే ఉందో లేదో చెబుతుంది. కంటెంట్ క్రెడెన్షియల్స్ అనే మరో పద్ధతిలో బొమ్మ పుట్టుక వివరాలు ఫైల్‌తోనే ప్రయాణిస్తాయి. యూట్యూబ్‌లో వీడియో వివరణ తెరిస్తే మార్చిన లేదా కృత్రిమ కంటెంట్ అనే లేబుల్ కనిపించవచ్చు. అది చాలావరకు ఎక్కించినవాళ్లు స్వయంగా చెప్పుకోవలసింది.

గుర్తు దొరికితే ఏఐ అని చెప్పవచ్చు. దొరకకపోతే ఏమీ చెప్పలేం. వేరే కంపెనీ పరికరంతో చేసి ఉండవచ్చు, స్క్రీన్‌షాట్ తీస్తే ఫైల్‌తో వచ్చే వివరాలు పోయి ఉండవచ్చు. "87 శాతం ఏఐ" అని చెప్పే ఉచిత వెబ్‌సైట్ల మాట షీట్‌లో రుజువుగా రాయకండి. తెలుగు ఆడియో మీద వాటిని నేను అసలు నమ్మను.

## 6. తేలింది, ఇప్పుడేం చేయాలి?

ఒకసారి నకిలీ ఫోటో కిందే "ఇది అబద్ధం" అని రాసి గ్రూపులో పెట్టాను. మర్నాడు అదే ఫోటో, నా అక్షరాలు కత్తిరించుకుని, వేరే గ్రూపు నుంచి నా దగ్గరికే వచ్చింది. అప్పట్నుంచి రెండు పద్ధతులు పాటిస్తున్నాను. బొమ్మ పెట్టాల్సివస్తే దాని నిండా అడ్డంగా గీత వేస్తాను. దిద్దుబాటులో మొదటి వాక్యం నిజమే ఉంటుంది, అబద్ధం రెండో వాక్యంలో వస్తుంది.

పంపింది బాబాయో పెద్దమ్మో అయితే గ్రూపులో దిద్దకండి, విడిగా ఫోన్ చేయండి. "నిప్పు లేనిదే పొగ రాదు కదరా" అంటారు. "పొగ ఉంది పెద్దమ్మా, కాకపోతే వేరే ఊళ్లో, నాలుగేళ్ల కిందటిది" అని పాత లింక్ చూపించండి. వాళ్లే గ్రూపులో తీసేస్తే ఇంకా మంచిది.

ఫలితం రాసేటప్పుడు మూడు మాటలే వాడండి: నిజం, అబద్ధం, తేలలేదు. "రుజువు దొరకలేదు" అన్నదాన్ని "అబద్ధం"గా మార్చడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు.

వేదికకు తెలపాలంటే:

- ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్: పోస్టు పక్కన మూడు చుక్కలు నొక్కి తప్పుడు సమాచారంగా రిపోర్ట్ చేయండి. 2025 జనవరిలో వీటి యజమాని మెటా ఫ్యాక్ట్‌చెక్ సంస్థలతో పని ఆపేస్తామని ప్రకటించింది అమెరికా వరకే.
- ఎక్స్ (పాత ట్విట్టర్): కమ్యూనిటీ నోట్, అంటే పోస్టు కింద వినియోగదారులే పెట్టే దిద్దుబాటు, రాయవచ్చు. ఖాతాకు ఆరు నెలలు నిండాలి, ఫోన్ నంబరు ధ్రువీకరించి ఉండాలి. మొదట ఇతరుల నోట్లకు రేటింగ్ ఇస్తూ ఉంటేనే రాసే వీలు వస్తుంది. మీవైపు వాళ్లు వందమంది మెచ్చుకున్నా నోట్ కనపడదు. మామూలుగా ఒకరితో ఒకరు ఏకీభవించని వాళ్లు ఇద్దరూ "ఉపయోగం" అనాలి. కాబట్టి వెటకారం లేకుండా, లింక్‌తో, రెండు వాక్యాల్లో రాయండి.

## 7. పరిశోధనకు: ప్రశ్నను బట్టి తలుపు

"తెలుగు సోషల్ మీడియాలో దుష్ప్రచారం" అనేది ప్రశ్న కాదు, పుస్తకం పేరు. "2024 మే 13 పోలింగ్‌కు ముందు వారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ లక్ష్యంగా నడిచిన రాజకీయ ప్రకటనలకు డబ్బు ఎవరు కట్టారు?" అనేది ప్రశ్న. రెండోదానికి తలుపు వెంటనే కనిపిస్తుంది.

- డబ్బు కట్టిన ప్రకటనలు: మెటా యాడ్ లైబ్రరీ, గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్. దరఖాస్తు అక్కర్లేదు.
- వీడియోలు, వాటి కామెంట్లు: యూట్యూబ్ డేటా ఏపీఐ (ప్రోగ్రాం ద్వారా యూట్యూబ్ వివరాలు అడిగే దారి). ఉచిత తాళం (ఏపీఐ కీ) చాలు.
- దిద్దుబాట్లు ఎలా పనిచేశాయి: ఎక్స్ కమ్యూనిటీ నోట్స్ డేటా. అందరికీ తెరిచే ఉంది.
- ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ బహిరంగ పోస్టులు: మెటా కంటెంట్ లైబ్రరీ. దరఖాస్తు కావాలి.
- ఎక్స్ పోస్టులు: ఉచిత అకడమిక్ ద్వారం 2023లో మూసేశారు. ఇప్పుడు డబ్బు కట్టాలి.
- వాట్సాప్ గ్రూపులు: వేదిక వైపు నుంచి తలుపే లేదు. దారి వేరు, 10వ భాగం చూడండి.

పాత వ్యాసాలు చదివి క్రౌడ్‌ట్యాంగిల్ (పోస్టులు ఎంత పాకాయో చూపిన మెటా పరికరం) కోసం వెతకకండి. 2024 ఆగస్టు 14న మూతపడింది.

## 8. దరఖాస్తు లేకుండా చేయగలిగినవి

### 8.1 ప్రకటనలు

మెటా యాడ్ లైబ్రరీలో దేశం భారత్, విభాగం "సమస్యలు, ఎన్నికలు లేదా రాజకీయాలు" ఎంచుకోండి. ఈ విభాగం ప్రకటనలు ఏడేళ్లు నిల్వ ఉంటాయి. మామూలు ప్రకటనలు మాత్రం మన దేశంలో నడుస్తున్నంతసేపే కనిపిస్తాయి. పెట్టుబడి మోసాల ప్రకటనల మీద పనిచేసేవాళ్లు ఏ రోజుకారోజు దాచుకోవాల్సిందే.

ప్రకటన తెరిస్తే ఎవరు డబ్బు కట్టారు, ఖర్చు ఎంత శ్రేణిలో, ఏ రాష్ట్రంలో, ఏ వయసువాళ్లు చూశారు అనేవి ఉంటాయి. లైబ్రరీ రిపోర్ట్ పేజీ నుంచి మొత్తం పట్టిక దించుకోవచ్చు.

తప్పులు ఇక్కడ ఎక్కువ:

- ఖర్చు శ్రేణిగానే ఇస్తారు. మధ్య సంఖ్యలు కూడి "ఇన్ని లక్షల ఇన్ని రూపాయలు" అని రాయకండి. కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాయండి.
- పార్టీ పేరుతో వెతికితే పార్టీ పేజీలే దొరుకుతాయి. తమాషా పేర్లున్న పేజీల కోసం నాయకుల పేర్లు, నినాదాలు, పథకాల పేర్లతో వెతకండి. వేర్వేరు పేజీలకు డబ్బు కట్టినవారి వివరాలు ఒకటేనా చూడండి.
- తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులోనూ వెతకండి.

గూగుల్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌లో రాజకీయ ప్రకటనల విభాగం తెరిచి భారత్ ఎంచుకుంటే సరిపోతుంది. పని తీరు దాదాపు అదే.

### 8.2 యూట్యూబ్

గూగుల్ క్లౌడ్‌లో ప్రాజెక్టు తెరిచి, యూట్యూబ్ డేటా ఏపీఐ ఆన్ చేసి, తాళం తీసుకోండి. రోజుకు 10,000 యూనిట్లు ఇస్తారు. ఒక వెతుకులాటకు 100 యూనిట్లు పోతాయి. అంటే రోజుకు వంద వెతుకులాటలే. అదే వీడియో ఐడీలు మీ దగ్గరుంటే, ఒక్క యూనిట్‌కు 50 వీడియోల వివరాలు వస్తాయి.

కాబట్టి వెతుకులాటను పిసినారిలా వాడండి. ఐడీలు పోగుచేయడానికి మాత్రమే వెతకండి, వివరాలు ఐడీలతో తెచ్చుకోండి. నెల మొత్తం ఒకేసారి అడిగితే కొన్ని వందల దగ్గర ఆగిపోతుంది. వారాలుగా, అవసరమైతే రోజులుగా తేదీలు విడగొట్టండి. భాష తెలుగు అని పెట్టినా వేరే భాషలవి వస్తాయి, ఎందుకంటే అది జల్లెడ కాదు, సూచన మాత్రమే.

కోడ్ రాయడం రానివాళ్లకు యూట్యూబ్ డేటా టూల్స్ అనే ఉచిత వెబ్ పరికరం ఉంది. పెట్టెలు నింపితే పట్టిక ఇస్తుంది. తెచ్చుకున్న వివరాలను 30 రోజుల్లో తాజా చేయాలి లేదా తీసేయాలి అన్నది మామూలు ఏపీఐ షరతు. ప్రాజెక్టు కాలవ్యవధి దాన్నిబట్టి వేసుకోండి.

### 8.3 కమ్యూనిటీ నోట్స్

నోట్లు, రేటింగులు, స్థితి చరిత్ర వేర్వేరు ఫైళ్లుగా రోజూ పెడతారు. నోట్ల ఫైల్‌లో తెలుగు అక్షరాలున్న వరుసలు జల్లెడ పట్టండి. ఆ ఫైల్‌లో అసలు పోస్టు ఉండదు, దాని నంబరే ఉంటుంది. అత్యధిక నోట్లు "ఇంకా రేటింగులు కావాలి" దగ్గరే ఆగిపోయి ఎవరికీ కనపడవు. అందుచేత "ఇన్ని నోట్లు రాశారు" అన్నది "ఇన్ని దిద్దారు" అన్నదానితో సమానం కాదు.

## 9. దరఖాస్తు చేయవలసినవి

మెటా కంటెంట్ లైబ్రరీ విద్యాసంస్థల్లో, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థల్లో ఉన్నవాళ్లకు. దరఖాస్తును మెటా కాక బయటి సంస్థ పరిశీలిస్తుంది. అనుమతి వచ్చినా డేటా మీ ల్యాప్‌టాప్‌కు రాదు. చాలావరకు వాళ్లిచ్చిన మూసిన గదిలాంటి కంప్యూటర్‌లోనే పని చేసుకోవాలి. గైడ్‌గారికి ఇది ముందే చెప్పండి. "డేటా పంపించమ్మా చూస్తాను" అంటే కుదరదు.

యూట్యూబ్ రీసెర్చర్ ప్రోగ్రామ్ గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయాల వాళ్లకు రోజువారీ యూనిట్ల పరిమితి పెంచుతుంది. ముందు 10,000 యూనిట్లతో నెలరోజులు నడిపి, ఎక్కడ ఆగిందో చూపించి అడగండి.

యూరప్‌లో చదువుతున్న మనవాళ్లకు మరో దారి ఉంది. అక్కడి డిజిటల్ సర్వీసెస్ చట్టం 40వ అధికరణం కింద, 4.5 కోట్లకు మించి యూరప్ వినియోగదారులున్న వేదికలు పరిశోధకులకు బహిరంగ డేటా ఇవ్వాలి. బయటకు కనపడని డేటా కోసం దేశ సమన్వయకర్త ద్వారా అడిగే పద్ధతి 2025 అక్టోబరు 29 నుంచి అమల్లోకి వచ్చింది. మెటా, గూగుల్, ఎక్స్ వంటివాటికి ఆ సమన్వయకర్త ఐర్లండ్‌లో ఉంటారు. షరతు ఏమిటంటే, ప్రశ్న యూరప్‌లోని ముప్పుకు సంబంధించింది కావాలి. యూరప్‌లోని తెలుగువాళ్లకు చేరే తప్పుడు వలస, ఉద్యోగ సమాచారం అనే ప్రశ్న నిలబడవచ్చు. గుంటూరు ఎన్నికల ప్రశ్న నిలబడదు.

తిరస్కరిస్తే ఆ మెయిల్ దాచుకోండి. 2025 డిసెంబరులో ఎక్స్‌కు యూరోపియన్ కమిషన్ వేసిన 12 కోట్ల యూరోల జరిమానాకు చూపిన కారణాల్లో పరిశోధకులకు డేటా ఇవ్వకపోవడం ఒకటి. మన దేశంలో అలా అడిగే హక్కు ఇచ్చే చట్టం లేదు.

దరఖాస్తుకు ముందు సరిచూసుకోండి:

- ప్రశ్న ఒక్క వాక్యంలో ఉందా?
- ఏ వేదిక, ఏ తేదీలు, ఏ పదాలు అని రాశారా?
- సంస్థ ఇచ్చిన ఈమెయిల్, గైడ్ లేఖ ఉన్నాయా?
- ఎథిక్స్ కమిటీ అనుమతి, లేదా అక్కర్లేదన్న లేఖ ఉందా?
- డేటా ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు, ఎప్పుడు తీసేస్తారు?
- దరఖాస్తు ఆలస్యమైతే చేయడానికి 8వ భాగంలోని పని ఒకటి చేతిలో ఉందా?

చివరిదాన్ని తేలిగ్గా తీసుకుని సెమిస్టర్ పోగొట్టుకున్న విద్యార్థులు నాకు తెలుసు.

## 10. వాట్సాప్ మీద పరిశోధన

మెసేజ్‌లకు ఆ చివర నుంచి ఈ చివర దాకా తాళం (ఎన్‌క్రిప్షన్) ఉంటుంది, పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేరు కాబట్టి కంపెనీ ఇవ్వగలిగింది కూడా ఏమీ లేదు. మిగిలింది మనుషుల్ని అడగడమే. 20, 30 మందిని ఒప్పించి, "మీకు వచ్చిన జంట బాణాల మెసేజ్‌లు మాత్రమే ఈ నంబరుకు పంపండి" అని అడగండి. సంఖ్య చిన్నదే అయినా మాట శుభ్రంగా ఉంటుంది.

దొంగతనంగా గ్రూపుల్లో చేరి చాట్ ఎగుమతి చేసుకోకండి. అందులో మిగతావాళ్ల పేర్లు, నంబర్లు ఉంటాయి. 2023 డేటా రక్షణ చట్టం, మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టిన వివరాలకు వర్తించదు, పరిశోధనకు కొంత మినహాయింపు కూడా ఉంది. మూసి ఉన్న గ్రూపు మాత్రం బహిరంగం కాదు. నంబర్లు వచ్చిన రోజే తీసేయండి.

## 11. తరగతి చెప్పాలంటే

గంట ఉపన్యాసం, ఫ్లెక్సీ, గ్రూప్ ఫోటో: దయచేసి ఇది వద్దు. 2019 ఎన్నికల వేళ బిహార్‌లో 1,224 మందితో చేసిన ప్రయోగంలో గంటసేపటి పాఠం మొత్తం మీద ఫలితం ఇవ్వలేదు. ఫేస్‌బుక్ ఇచ్చిన చిట్కాలు చదువుకున్న ఆన్‌లైన్ జనానికి కొంత ఉపయోగపడ్డాయి గానీ ఉత్తరాది గ్రామీణ జనం మీద పనిచేయలేదని 2020లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. అదే బిహార్‌లో ఆ తర్వాత 583 గ్రామాల పిల్లలకు వారాల తరబడి తరగతులు నడిపితే తేడా కనిపించింది, నెలల తర్వాత కూడా నిలిచింది.

భాష, రూపం కూడా ముఖ్యమే. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాల పుకార్లు లేచినప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి స్లయిడ్లు వేయలేదు. పోలీసుల్ని ఊళ్లకు పంపించారు, డప్పు, జానపదంతో చెప్పించారు.

నేను నడిపే ఆరు వారాల వరస ఇది. వారానికి గంటన్నర, ఒక్కో జట్టుకు నలుగురు.

1. మొదటి వారం: పరికరాలు లేవు. తమ ఇంటి గ్రూపు నుంచి ఒక మెసేజ్ తెచ్చి, వాదనను ఒక్క వాక్యంలో రాయడమే. సగం మందికి గంటన్నరా దీనికే పడుతుంది, కంగారుపడకండి.
2. రెండో వారం: దాచడం, షీట్ నింపడం.
3. మూడో వారం: బొమ్మ, వీడియో వెతకడం. మీరు ముందే తేల్చిపెట్టుకున్నవి ఇవ్వండి. వాటిలో ఒకటి నిజమైనది ఉండాలి, లేకపోతే పిల్లలు అన్నిటినీ "ఫేక్" అనడం నేర్చుకుంటారు.
4. నాలుగో వారం: ప్లేట్లు, బోర్డులు, యాస. అందరికీ ఇష్టమైన వారం.
5. ఐదో వారం: యాడ్ లైబ్రరీలో తమ నియోజకవర్గం పేరు వెతకడం.
6. ఆరో వారం: ఇంట్లో ఒక పెద్దవాళ్లతో మాట్లాడి, ఏం జరిగిందో వచ్చి చెప్పడం.

మొదటి రోజు ఎనిమిది మెసేజ్‌లు ఇచ్చి, నాలుగు నిజం, నాలుగు అబద్ధం ఉండేలా చూసి, ఎవరేమన్నారో రాయించుకోండి. చివరి రోజు వేరే ఎనిమిది ఇవ్వండి. రెండు లెక్కలు వేయండి: అబద్ధాన్ని పట్టినవి ఎన్ని, నిజాన్ని అబద్ధం అన్నవి ఎన్ని. రెండో సంఖ్య పెరిగితే వచ్చే బ్యాచ్‌కి మూడో వారంలో నిజమైన వీడియోలు ఇంకో రెండు కలపండి.